విత్తనాల గది

ఆ ఉదయం ఎనిమిది గంటలకు బడి వరండాలో ఉన్నవి ఇవి. పాలిథీన్ సంచిలో చుట్టిన నీలం అట్ట రిజిస్టరు ఒకటి. వంద అడుగుల టేపు, చివర రెండడుగులు తెగిపోయినది. కొబ్బరితాళ్ళు నాలుగు చుట్టలు. ఖాళీ గోతాలు అరవై. సగం తడిసిన బొరుగుల బస్తా. గొంతు బొంగురుపోయిన ట్రాన్సిస్టరు. నా సైకిలు. మనుషుల్లో నేను, బడి పంతులు, ఊరికి బట్టలు ఉతికే పెద్దమ్మ. బయట వాన, మూడో రోజు.

రావలసి ఉండి రానివాళ్ళు పదకొండు మంది. వాళ్ళ పేర్లన్నీ రిజిస్టరులో ఒకే వరసలో ఉన్నాయి. ఆ వరసకు పైన నేను స్కేలు పెట్టి గీత గీసి రాసిన శీర్షిక "మోసుకువచ్చేవారు".

మన పాలిటెక్నిక్ పత్రికకు ఏదైనా రాయమని మీరు అడిగినప్పుడు కట్ట వాలు ఎంత ఉండాలి, రాతి పరుపు ఎలా వేయాలి అనే వ్యాసం రాద్దామనుకున్నాను. సగం రాశాను కూడా. అవి మీకు పుస్తకంలో దొరుకుతాయి. నాకు ముప్పై ఒకటి నిండాయి, ఉద్యోగ విరమణ చేసినవాడిలా జ్ఞాపకాలు చెప్పే వయసు కాదు. కానీ చెరువుల శాఖలో నేను చేసింది నాలుగేళ్ళే, ఆ ఉద్యోగం వదిలేశాను కాబట్టి దానివరకు విరమించినవాడినే. వచ్చే ఏడు మీలో కొందరు ఓవర్సీర్లుగా చేరతారు. మీ చేతికి కూడా ఎవరో ఒకరు ఇలాంటి రిజిస్టరు ఇస్తారు. అందుకని ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివరి సంవత్సరాలు. కోస్తాలో పెద్ద తుపాను వచ్చి పోయాక మా జిల్లాలోనూ కాగితాలు కదిలాయి. చెరువు కట్టల కింద ఉన్న ఊళ్ళలో ఇంటింటికీ పట్టిక తయారు చేయాలి. గండి పడితే నీళ్ళు ఎంతవరకు వస్తాయి, ఏ ఇల్లు మునుగుతుంది, ఆ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు నడవగలరు, ఎవరు నడవలేరు, ఎక్కడికి పోవాలి. పూతలపట్టు నుంచి తిరుపతి పోయే రోడ్డుకు నాలుగు మైళ్ళు లోపల ఉన్న ఒక ఊరు నా వంతుకు వచ్చింది. ఊరికి పడమట చెరువు, తూర్పున మిట్ట మీద బడి. నడుమ ఎగువ వీధి, దిగువ వీధి. ఇళ్ళు డెబ్బై ఒకటి.

మా ఇంజనీరుగారు హుషారైన మనిషి. "శ్రీహరికోటలో వాళ్ళు ఆకాశానికి గురి పెడుతున్నారు. మనం దిగువ వీధికి పెట్టలేమా?" అన్నారు. నేను పెట్టాను. కట్ట పొడవు, ఎత్తు, చెరువులో పట్టే నీళ్ళు, వీధి వాలు, అన్నీ కొలిచి, గండి పడితే ప్రతి ఇంటి గోడ మీదా నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఎర్ర రంగుతో గీత గీశాను. దిగువ వీధిలో ఆ గీత నా రొమ్ము దాకా వచ్చింది. మొదటి వారం జనం భయపడ్డారు, రోడ్డు వేయడానికి ఇళ్ళు కొట్టేస్తారేమోనని. రెండో వారం పిల్లలు గీత దగ్గర నిలబడి ఎత్తు కొలుచుకున్నారు. మూడో వారం ఒకామె నా గీత మీదుగా పిడకలు కొట్టింది.

ఇంటింటికీ ఒక మూట సిద్ధంగా ఉంచుకోవాలని కూడా చెప్పేవాణ్ణి. రేషన్ కార్డు, భూమి కాగితాలు, డబ్బాలో పెట్టిన అగ్గిపెట్టె, రెండు రోజులకు బొరుగులు, ఒక దుప్పటి, పది గజాల తాడు, మందులుంటే మందులు. ప్రతి గుమ్మం దగ్గరా ఈ ఏడూ వరసగా చదివేవాణ్ణి. ఒక ముసలాయన చివరిదాకా ఓపిగ్గా విని, "అయన్నీ ఉంటే మేం దిగువ ఈదిలో ఎందుకుంటాం సారూ?" అన్నాడు.

పెద్దమ్మ నాకు అక్కడే పరిచయమైంది. యాభై ఏళ్ళుంటాయి. వీపు మీద మూటతో ఇంటింటికీ తిరిగేది, నేనూ రిజిస్టరుతో ఇంటింటికీ తిరిగేవాణ్ణి కాబట్టి రోజుకు ఐదారుసార్లు ఎదురుపడేవాళ్ళం. మిగతావాళ్ళు ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నేను పెద్దమ్మా అనేవాణ్ణి, దానికి ఆమె నవ్వేది.

"ఏం సామీ, మా కోళ్ళను గూడా రాసుకుంటావా?"

"కోళ్ళకు కాలమ్ లేదు పెద్దమ్మా. ఆవులు, ఎద్దులు, మేకలే."

"అట్లయితే మా ఇంట్లో ఎవురూ లేనట్టే. ఆ ఎర్రగీత పైకి ఎగరలేక కోడి సచ్చినా ఫరవాలేదు గానీ, నీకు నెల దినాలు ఈ తిరుగుడేంది? నన్నడిగితే ఒక్క పూటలో చెప్పేస్తును గదా, ఏ ఇంట్లో ఎవురుండారో."

"ఇంటి యజమాని చెప్పిందే రాయాలి, అది నియమం."

"యజమానులు చెప్పిందే రాస్తావా?" అని మూట భుజం మార్చుకుంది. "రాసుకో."

దిగువ వీధి మొదట్లో మిద్దె ఇల్లు. దిగువ వీధిలో అదొక్కటే మిద్దె. ఆ ఇంటాయనకు నలభై దాటాయి, ఊళ్ళో మాట చెల్లుబడి ఉన్న రైతు. అరుగు మీద చాప వేయించి కూర్చోబెట్టాడు.

"ఎంతమంది మీరు?"

"ఆరుగురం. నేను, మా ఇంటామె, నలుగురు పిల్లోళ్ళు."

"పెద్దవాళ్ళు, నడవలేనివాళ్ళు?"

"అమ్మ పోయి ఆరేండ్లాయె. నాయన పోయి మూడేండ్లు. ఇంగెవురుండారు?"

"వెనక పెరట్లో గది ఉంది, తాళం వేసి..."

"ఇత్తనాల గది. చెనక్కాయలు. ఎలకలతో ఏగలేక తాళం ఏసిపెట్టినా."

ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. నేను కొలత తీసుకోవడానికి పెరటివైపు నడిచాను. ఆమె నా ముందుకు వచ్చి, "ఇంగొంచెం తాగండి సారూ" అంది. తాగాను. "ఇంగొంచెం" అని మళ్ళీ అంది. చిత్తూరు జిల్లాలో మర్యాద ఎక్కువ అనుకున్నాను. గుమ్మం దగ్గరే వంగి, టేపు పెట్టి, రిజిస్టరులో "ఆస్తి" అనే వరసలో ఇలా రాశాను: "పెరటి గది, చెనక్కాయ విత్తనాలు, ఎనిమిది మూటలు. గది నేలమట్టం వీధికంటే ఒక అడుగు తక్కువ. నీరు చేరే అవకాశం ముందు ఇక్కడే." ఆ రాత నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కొట్టివేతలు లేని రాత.

ఊరంతా రాయడం పూర్తయ్యేసరికి నడవలేనివాళ్ళు పదకొండు మంది తేలారు. పక్షవాతం వచ్చినవాళ్ళు ఇద్దరు, చూపు లేని ముసలివాళ్ళు ముగ్గురు, కాలు విరిగి కట్టుతో ఉన్నవాళ్ళు ఇద్దరు, మంచం పట్టినవాళ్ళు నలుగురు. ఒక్కొక్కరికి ఎదురుగా ఒక మోసేవాడి పేరు. కొడుకో, అల్లుడో, పక్కింటి పడుచువాడో. అన్నీ నేను అడిగి, వాళ్ళు ఒప్పుకుని, వేలిముద్ర వేసినవే.

ఆగస్టులో ఒకసారి తర్ఫీదు చేశాం. ఇంజనీరుగారు జీపులో వచ్చారు. పంతులు బడిగంట కొట్టాడు. గంట మోగగానే మోసేవాళ్ళు మోశారు, నడిచేవాళ్ళు నడిచారు, మేకలు మాత్రం ఇంకెటో పోయాయి. ఆఖరి మనిషి బడి మెట్టు ఎక్కేసరికి ఇరవై రెండు నిమిషాలు. చూపు లేని ఒక అవ్వ మనవడి వీపు దిగి, "మళ్ళీ ఎప్పుడబ్బా?" అని అడిగింది. ఇంజనీరుగారు నా భుజం తట్టారు. ఆ సాయంత్రం తిరుపతి పోయి, అలిపిరి మెట్ల దాకా సైకిలు తొక్కి, కొండకు దణ్ణం పెట్టుకుని వచ్చాను. అంత సంతోషం.

చెరువు నీళ్ళ పంపకం చూసే నీరుగంటి ముసలాయన ఆ తర్ఫీదంతా కట్ట మీద కూర్చుని చూశాడు. చెరువులో నీళ్ళు లేవు, అడుగున మేకలు మేస్తున్నాయి. నేను పైకి వెళ్ళి ఎలా ఉందని అడిగాను.

"బాగుండాది సారూ. నీళ్ళు లేనప్పుడు ఎవురైనా బాగా పరిగెత్తుతారు."

నవ్వి ఊరుకున్నాను.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో చెప్తాను. ఆ చెరువుకు ఒక కట్టుబాటు ఉంది. తూము దగ్గర ఒక నిలువురాయి ఉంటుంది. నీళ్ళు ఆ రాయి నెత్తికి తగిలితే నీరుగంటి తప్పెట కొట్టిస్తాడు. తప్పెట విన్న ప్రతి ఇంటినుంచీ ఒక గట్టి మగమనిషి గంప, పార తీసుకుని కట్ట మీదికి పోవాలి. ఇంట్లో పెళ్ళయినా, శవం ఉన్నా సరే పోవాలి. పోని ఇంటికి ఆ ఏడు వరి కయ్యలకు నీళ్ళ వంతు ఉండదు. ఈ కట్టుబాటు నాకు తెలియదా అంటే, తెలుసు. కట్ట మరమ్మతుల ఫైలులో "గ్రామస్థుల సహకారం" అనే పేరా కింద నేనే రాశాను. వరద రిజిస్టరు వేరే ఫైలు. రెండూ నా చేతిరాతే. రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన ఉండేవి. ఇంటికొక గట్టి మగమనిషి కట్ట మీదికి, ఇంటికొక గట్టి మగమనిషి ముసలివాళ్ళ మంచం దగ్గరికి. ఆ ఇద్దరూ ఒకడేనని నాకు తట్టలేదు. చెరువు ఎండి ఉండగా చేసిన తర్ఫీదులో ఎవరికీ తట్టలేదు. నీరుగంటికి తప్ప.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు కురిసి ఆగకుండా మూడో రోజు కురుస్తోంది. నేను ముందు రోజు మధ్యాహ్నమే ఊరికి చేరి, ఎవరు ఊళ్ళో ఉన్నారో ఎవరు లేరో ఇంటింటికీ అడిగి రిజిస్టరు సరిచేశాను. బస్సులు లేవు కాబట్టి కొత్తగా వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ లేరు. మొత్తం మూడు వందల నలభై ఆరు మంది.

ఉదయం తప్పెట మోగింది. వెంటనే పంతులు గంట కొట్టాడు. నేను వరండాలో రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. గంపలు, పారలు భుజాన వేసుకుని మగవాళ్ళు గుంపుగా పోతున్నారు. బడివైపు కాదు. ఆ గుంపులో నా పదకొండు మంది మోసేవాళ్ళూ ఉన్నారు. కిందికి పరిగెత్తి ఒకణ్ణి చెయ్యి పట్టి ఆపాను. వాళ్ళ నాయనకే పక్షవాతం.

"మీ నాయన్ను ఎవరు తెస్తారు?"

"కట్ట నిలిస్తే మా నాయనకేం గాదు సారూ. కట్ట పోతే ఆయన బతికి మాత్రం ఏం తినాల?"

చెయ్యి విడిపించుకుని పోయాడు. వెనక్కి రమ్మనడానికి నా దగ్గర అధికారం ఉంది, మాట లేదు. వాళ్ళు కట్ట దిగితే కట్ట తప్పకుండా పోతుంది, అది నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

మొరవ, అంటే చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటు, అప్పటికే నిండుగా పారుతోంది. దాని కాలువ గట్టు దాటి దిగువ వీధిలోకి నీళ్ళు వస్తున్నాయి. ముందు పాదాల లోతు. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని బడికి వస్తున్నారు. నేను పంతులుతో, "ఇద్దరం మోద్దాం, ఒక్కొక్కరినీ" అంటున్నాను. ఆయనకు ఉబ్బసం. పెద్దమ్మ మా ఇద్దర్నీ కిందికీ మీదికీ చూసింది.

"ఏం సామీ, అందులో రాసినోళ్ళు రాలేదా?"

"కట్ట మీదికి పోయారు."

"పోక ఏం జేస్తారు, తప్పెట గొట్టినాక? నీ లిస్టులో ఆడోళ్ళ పేర్లు లేవా?"

"లేవు."

"ఎందుకు లేవు?"

గుమ్మం దగ్గర "ఎవరు మోస్తారు?" అని అడిగితే మగవాళ్ళు ముందుకు వచ్చారు. నేను రాసుకున్నాను. అంతే.

పెద్దమ్మ బడి లోపలికి పోయి కేక వేసింది. "ఏమ్మే, నీళ్ళబిందె మోసేదానివి మీ మామను మోయలేవా? రాండి! మంచానికి నలుగురు. నులక మంచాలైతే తేలిక. పట్టెమంచాలు ఎవురూ ముట్టుకోవద్దండి!" ఒకామె, "మా మామ నన్ను తాకనిస్తాడా?" అంది. "తాకనియ్యకపోతే ఈత కొట్టమను," అంది పెద్దమ్మ. నవ్వులు. ఆ వానలో నవ్వులు విని నాకు ఒళ్ళు మండింది, అప్పుడు.

తొమ్మిదికి మొదలుపెట్టారు. నేను రెండు మంచాలకు ఒక కోడు పట్టాను, మిగతాసేపు పేర్లకు టిక్కు పెట్టాను. పదకొండున్నరకు పదకొండో మనిషి, తొడ విరిగిన తాపీమేస్త్రి, "మెల్లగా, మెల్లగా" అంటూ మంచం మీద బడి మెట్లు ఎక్కాడు. చివరి టిక్కు పెట్టాను. కింద దిగువ వీధిలో నీళ్ళు మోకాళ్ళ పైకి వచ్చాయి.

"లెక్క సరిపోయింది," అన్నాను గట్టిగా. "ఇంక ఎవరూ కిందికి దిగకూడదు."

పెద్దమ్మ అది విననట్టు గోడవైపు పోయింది. అక్కడ మిద్దె ఇంటామె నలుగురు పిల్లల మధ్య కూర్చుని ఉంది. తడి చీర పిండుకోలేదు. పొద్దున వచ్చినప్పటినుంచీ అలాగే, ఎదుటి గోడ చూస్తూ ఉంది. పెద్దమ్మ ఆమె ముందు గొంతుక్కూర్చుని చిన్నగా అడిగింది. నేను దగ్గరలోనే ఉన్నాను, వినపడింది.

"అమ్మా, తాళంచెవి యాడుండాది?"

ఆమె పెదవులు కదిలాయి. "ఆయన మొలతాడుకు."

పెద్దమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది.

"సామీ, నువ్వు కట్ట మీదికి పోయి మిద్దింటాయన దగ్గర తాళంచెవి తీసుకురా. నేను ఆడికి పోతాండా."

"ఏ తాళంచెవి? విత్తనాల కోసం ఇప్పుడు ఎవరినీ పంపను. మనుషులందరూ వచ్చేశారు, లెక్క సరిపోయింది."

"నీ లెక్క నీకు సరిపోయింది సామీ. ఇత్తనాలు ఏడుస్తాయా ఎప్పుడైనా? నేను ఆ ఇంటి బట్టలు ఉతకబట్టి ఇరవై ఏండ్లు. ఆరుగురి బట్టలా, ఏడుగురి బట్టలా, నాకు తెలీదా?"

నేను ఏం చేశానో ఉన్నదున్నట్టు రాయాలి. రిజిస్టరు తెరిచాను. పాలిథీన్ సంచి ముడి తడిసి బిగుసుకుపోతే పంటితో విప్పి, ఆ ఇంటి పేజీ తీసి, "ఆరుగురు" అన్నది చదివాను. తరవాత "పెరటి గది, చెనక్కాయ విత్తనాలు" అన్నది చదివాను. "ఇక్కడ రాసి ఉంది" అని ఆమెకు చూపించాను కూడా, ఆమెకు చదవడం రాదని తెలిసి. ఆ తరవాత చాలాసార్లు మనసులో ఆ పనులన్నీ మళ్ళీ చేసి చూసి గడియారంతో లెక్కకట్టాను. నాలుగు నిమిషాలు. నేను తల ఎత్తేసరికి పెద్దమ్మ మెట్లు దిగిపోయింది. మిద్దె ఇంటామె నావైపే చూస్తోంది.

"మా ఆడబిడ్డ," అంది. "మతి సరిగా లేదు సారూ."

పరిగెత్తాను.

కట్ట మీద అరవై డెబ్బై మంది. వరసగా నిలబడి మట్టి గంపలు చేతులు మారుస్తున్నారు. తూము పక్కన కట్ట లోపలివైపు జారిన చోట, నడుము లోతు నీళ్ళలో మిద్దె ఇంటాయన గుంజలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక గోతాలు పేరుస్తున్నారు. నీరుగంటి పైనుంచి చెప్తున్నాడు.

"తాళంచెవి ఇవ్వండి," అన్నాను.

"ఏం తాళంచెవి?"

"మీ వెనక గదిది."

ఆయన నన్ను చూడలేదు. "ఇత్తనాలు తడిస్తే తడవనీ సారూ. ఈడ సూస్తాండావు గదా."

"విత్తనాల కోసం కాదు."

"మరి దేనికి? నీ లిస్టులో ఏం రాసినావు? ఆ గదిలో మనిషి ఉండాదని రాసినావా?"

"లేదు."

"అయితే లేదు."

గంపలు ఆగిపోయాయి. వరసలో ఒక్కరూ ఆయనవైపు చూడలేదు, అందరూ చేతుల్లో గంపలవైపే చూస్తున్నారు. నీరుగంటి కట్ట అంచుకు దిగి వచ్చాడు.

"పో అప్పా," అన్నాడు. "పోయి అక్కను తీసుకురా. ఆ గుంజలు నేను పట్టుకుంటా."

"ఏ అక్క?"

"యాడా ఎవురికీ తెలీనిదేం గాదబ్బా. నువ్వు తాళం ఏసిన్నాటినుంచీ ఊరంతటికీ తెలుసు. నువ్వు సెప్పలేదు, మేమడగలేదు. బిన్నా పో, నీళ్ళు ఎక్కువైతాండాయి."

ఊరంతటికీ తెలుసు. తెలియనిది నాకూ నా రిజిస్టరుకూ.

తాళంచెవి తీసి నాకిస్తాడనుకున్నాను. ఆయన గుంజ వదిలి పైకి ఎక్కాడు. "నేను పోకపోతే రాదు. కొత్తోళ్ళను సూస్తే మూలకు పోయి గోడ పట్టుకుంటాది," అని కట్ట దిగి పరిగెత్తాడు. నేను వెనక. దారిలో ఊపిరి అందకుండానే, నన్నో గాలినో ఉద్దేశించి, "నాయన సచ్చేటప్పుడు నా సేతిలో పెట్టి పోయినాడు. రెండుసార్లు బాయిలో పడబోయింది. ఏం జేసేది? తాళం ఏయక ఏం జేసేది?" అన్నాడు.

వీధిలో నీళ్ళు తొడల దాకా. పెరట్లో పెద్దమ్మ గది కిటికీ కమ్మీలు పట్టుకుని నిలబడి, లోపలికి మామూలుగా మాట్లాడుతోంది, ఎవరి కోడలు ఎలా ఉందో, ఎవరి గేదె ఈనిందో. తాళం నీళ్ళకు అంగుళం కిందికి పోయింది. ఆయన తడుముకుంటూ తీశాడు. నీళ్ళ ఒత్తిడికి తలుపు రాలేదు. ముగ్గురం లాగాం.

లోపల ఒక మంచం. మంచం మీద చెనక్కాయ మూటలు పేర్చి ఉన్నాయి, నాలుగు. వాటి మీద ఇంకా నాలుగు. పక్కన నడుము పై దాకా నీళ్ళలో, రెండు చేతులూ మూటల మీద వేసి పడిపోకుండా పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. యాభైకి దగ్గర. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది.

"అక్కా, నేనే. రా," అన్నాడు తమ్ముడు.

"ఇత్తనాలు తడిసిపోతాయిరా," అందామె.

"తడవనీ."

"వచ్చే ఏడు ఏం ఏస్తావు?"

ఆయన ఏడుపు ఆపుకోలేకపోయాడు. ఒక మూట తీసి భుజాన వేసుకున్నాడు, అప్పుడే ఆమె కదిలింది. మోద్దామని పెద్దమ్మ, నేను చేతులు చాచాం. ఆమె మమ్మల్ని తోసేసి, తమ్ముడి చొక్కా అంచు పట్టుకుని, వీధి పొడవునా తన కాళ్ళ మీద తానే నడిచింది. నా రిజిస్టరులో నడవగలవాళ్ళకు ఒక వరస, నడవలేనివాళ్ళకు ఒక వరస ఉన్నాయి. నడవగలిగీ బయటికి రాలేనివాళ్ళకు వరస లేదు.

బడికి చేరేసరికి ఒకటీ పది. ఆయన అక్కను భార్య పక్కన కూర్చోబెట్టి, మళ్ళీ కట్టకు పోయాడు. పోయేముందు భార్యను ఒక్క మాటా అనలేదు. ఆమె అప్పుడు చీర పిండుకుంది.

రెండున్నరకు నీరుగంటి ఇక లాభం లేదని చెప్పి అందరినీ కట్ట దింపేశాడు. మూడు దాటాక తూము పక్కన గండి పడింది. ఆ చప్పుడు ఎలా ఉందని మీరు అడగొద్దు, నేను బడి వరండాలో ఉండి చెవులు మూసుకున్నాను. మనుషులెవరూ పోలేదు. ఎద్దు ఒకటి, మేకలు తొమ్మిది పోయాయి. ఆ పంట పోయింది. మరుసటి రోజు టేపు పట్టుకుని దిగువ వీధి అంతా తిరిగాను. నీటి మరక నా ఎర్రగీతకు రెండంగుళాలు తక్కువలో ఆగింది. అంత కచ్చితంగా లెక్క కట్టానన్నమాట. మిద్దె ఇంటి పెరటి గదిలో మరక నేలనుంచి ఐదడుగుల రెండంగుళాలు. మంచం తేలి తలుపు దగ్గర అడ్డం పడి ఉంది.

గండి పడిన సాయంత్రం, వెలుగు ఉండగానే, బడిలో పేర్లు పిలిచి అందరినీ లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను. మూడు వందల నలభై ఏడు.

మిద్దె ఇంటాయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. "రాయాల్నా సారూ?" అన్నాడు. అదొక్కటే అడిగాడు. బతిమాలలేదు. నేను రేపు చూద్దామన్నాను.

మర్నాడు ఇంజనీరుగారు జీపులో వచ్చారు. కట్ట చూశారు, గోడల మీది మరకలూ ఎర్రగీతలూ చూసి సంతోషించారు. నివేదిక అక్కడే రాయమన్నారు. నేను సంఖ్య చెప్పాను.

"రిజిస్టరులో ఎంత?"

"మూడు వందల నలభై ఆరు."

"చేరింది నలభై ఏడా? ఒకటి ఎక్కువెలా వస్తుందయ్యా? తక్కువొస్తే అర్థం చేసుకుంటారు. ఎక్కువొస్తే నీ రిజిస్టరే తప్పంటారు, మొత్తం పని తప్పంటారు. దారినపోయేవాడెవడైనా తలదాచుకున్నాడేమో చూడు."

ఆ ఇంటాయన మర్యాద కోసమే సంఖ్య దిద్దానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన మర్యాద కోసమా, నా రిజిస్టరు మర్యాద కోసమా అన్నది ఇంకా తేలలేదు. రాత్రిళ్ళు మంచి నిద్రే పడుతుంది, అబద్ధం చెప్పను. పగలే ఏదో ఒక పట్టిక చూస్తుంటే మొదలవుతుంది. మీ హాజరుపట్టీ పిలుస్తుంటే కూడా. పేర్లన్నీ అయిపోయాక ఒకసారి తల ఎత్తి గది మూలలన్నీ చూస్తానే, దానికి మీరు నవ్వుకుంటారని నాకు తెలుసు.

గండి పూడ్చే పని మీద ఫిబ్రవరిలో మళ్ళీ ఆ ఊరు పోయాను. పెద్దమ్మ కాలువ దగ్గర కనిపించింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎంతమంది బట్టలు అని అడిగాను. "ఏడుగురివే సామీ. ఎప్పుడూ ఏడుగురివే," అని ఉతుకుతూనే ఉంది. మిద్దె ఇంటి పెరట్లో గది గోడలు కొత్తగా కట్టారు. నేలమట్టం రెండడుగులు ఎత్తు చేశారు, నేను చెప్పిన కొలత ప్రకారమే. కిటికీ పెద్దదైంది. తలుపు కొత్తది. తాళం కూడా కొత్తదే.

వరద రిజిస్టరును కొత్తగా రాసే పని కూడా నాదే. మోసేవాళ్ళ వరసలో ఈసారి ఆడవాళ్ళ పేర్లు రాశాను, ముప్పై ఎనిమిది. మిద్దె ఇంటి గుమ్మం దగ్గర నిలబడి అడిగాను. ఆరుగురం అన్నాడాయన, నా కళ్ళలోకి చూస్తూ. ఆయన భార్య మజ్జిగ తేలేదు.

తరవాతి జూన్‌లో ఉద్యోగం మానేశాను.

నివేదిక ఇప్పటికీ ఆఫీసులో ఉంటుంది. రెండో పేజీ, నాలుగో పేరా. ఊరి జనాభా మూడు వందల నలభై ఆరు. సురక్షితంగా చేరినవారు మూడు వందల నలభై ఆరు.